ఆరిపోయే అమ్మమ్మ

(తూర్పు లండన్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. అక్టోబరు 31. సాయంత్రం ఐదు దాటేసరికే చీకటి పడింది. కూతురి ఇంటికి ఆరు నెలల వీసా మీద వచ్చిన కామేశ్వరి అద్దం ముందు నిలబడి బొట్టు దిద్దుకుంటోంది. తెలుగు లెక్చరరుగా తెనాలిలో పదవీ విరమణ చేసినా పాఠం చెప్పడం మాత్రం విరమించని సుబ్బారావు సోఫాలో కూర్చుని ఉన్నాడు.)

సుబ్బారావు: సంధ్యవేళ పట్టుచీర కట్టుకొని ఎక్కడికి ప్రయాణం?

కామేశ్వరి: ఎదురు ఫ్లాటు అమ్మాయి వాళ్ల పండుగకు పిలిచిందని ఉదయం నుంచి మూడుసార్లు చెప్పాను. మీరు మూడుసార్లూ ‘ఊఁ’ అన్నారు.

సుబ్బారావు: నా ‘ఊఁ’ అంగీకారం కాదు, అది శ్రవణ సూచకం. అయినా ఆ పండుగ పేరేమిటి? సామ్‌హెయిన్ అని రాసి సావిన్ అని పలుకుతారట. పేరులోనే సావు ఉన్న పేరంటానికి నువ్వు జరీచీర కట్టుకొని వెళుతున్నావు!

కామేశ్వరి: పోయినవాళ్లను తలుచుకునే రోజు కాబట్టి సావు ఉంటే తప్పేమీ లేదు. మన మహాలయ పక్షానికి మీరు కొత్త పంచె కట్టుకోలేదా?

సుబ్బారావు: విషయం తెలుసుకోకుండా వ్యతిరేకించే అలవాటు నాకు లేదు కనుక మూడు రోజులుగా చదువుతున్నాను. ప్రకృతిని, దేవతలను మంత్రతంత్రాలతో కొలిచే వీళ్ల విక్కా మతాన్ని లోకానికి చాటిన జెరాల్డ్ గార్డ్‌నర్ అనే పెద్దమనిషి మలయాలో, అంటే ఇప్పటి మలేసియాలో, కస్టమ్స్ అధికారిగా పనిచేసి రిటైరైనవాడు. మంత్రవిద్యల మీద ఇక్కడున్న పాత చట్టాన్ని 1951లో రద్దు చేస్తే, ఆయన 1954లో పుస్తకం అచ్చువేసి, ఇది అనాదిగా రహస్యంగా వస్తున్న మతమని చెప్పాడు. లెక్క చూస్తే దానికీ నాకూ ఇంచుమించు ఒకటే వయసు.

కామేశ్వరి: అయితే ప్రాచీనమైనదే.

సుబ్బారావు: (వినిపించుకోనట్లు) 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 74 వేల మంది తమ మతం పాగన్, అంటే క్రైస్తవానికి ముందరి దేవతల ఆరాధన, అని, మరో 13 వేల మంది విక్కా అని రాసుకున్నారు.

కామేశ్వరి: రెండూ కలిపితే మన తెనాలిలో సగం ఊరు. అంతమంది ఉన్న మతంలో ఒక్క పూట కూర్చుని వస్తే మీ మతానికి వచ్చిన లోటేమిటి?

సుబ్బారావు: నా అభ్యంతరం మతం మీద కాదు, ఆ పిల్ల వెలిగించే దీపం మీద. నిన్న తలుపు తెరిచి ఉంటే నా కళ్లారా చూశాను. ప్లాస్టిక్ కొవ్వొత్తి, కింద చిన్న మీట, పైన గాలికి కాక మోటారుకు ఊగే ప్లాస్టిక్ జ్వాల. అది కూడా ఓ పక్కకు వంగి ఉంది. అగ్ని లేకుండా అగ్నిపూజ ఏమిటి?

కామేశ్వరి: పోయిన ఏడాది నిజమైన అగ్నితోనే చేసింది. సాంబ్రాణి లాంటిదేదో వేయగానే పొగ అలారం మోగి, భవనంలోని వాళ్లందరూ దుప్పట్లు కప్పుకొని రోడ్డు మీద నిలబడ్డారట. ఫైరింజను కూడా వచ్చిందట. అద్దె కాగితంలో నిప్పు కూడదని ఉంటే ఆ పిల్ల దేవతను తెచ్చుకోవాలా, ఇల్లు ఖాళీ చేయాలా?

సుబ్బారావు: పైగా దిక్కులు! తూర్పున వాయువు, దక్షిణాన అగ్ని, పడమర జలం, ఉత్తరాన భూమి ఉండాలని వాళ్ల శాస్త్రమే చెబుతోంది. ఆ పిల్ల ఫోనులో దిక్సూచి పెట్టుకొని గదంతా తిరుగుతుంటే, పక్కనే ఉన్న లిఫ్టు ఇనుముకో దేనికో ఆ ముల్లు ఒకసారి ఫ్రిజ్‌ను, ఒకసారి స్నానాలగదిని ఉత్తరమంటోంది.

కామేశ్వరి: అందుకే నేను వెళ్లి, పొద్దున సూర్యుడు మన వంటింటి కిటికీలోకి వస్తాడు కాబట్టి ఇటు తూర్పు అని చూపించాను. మనీప్లాంటు కుండీని ఉత్తరాన నేనే జరిపాను.

సుబ్బారావు: అంటే పౌరోహిత్యం కూడా మొదలుపెట్టావన్నమాట. నేను చదివినదాంట్లో ఇంకా విడ్డూరం ఉంది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ పెషీ అనే ఆయన ఇదే పండుగకు నాలుగు దిక్కులా నాలుగు కంప్యూటర్లు పెట్టి, వాటిని ఇంటర్నెట్టుకు కలిపి పూజ చేశాడట. వెబ్‌లో మూడు కొలతల బొమ్మలు చూపే వీఆర్‌ఎంఎల్ అనే భాషను కనిపెట్టినవారిలో ఆయన ఒకడు.

కామేశ్వరి: ముప్పై ఏళ్ల కిందటే దిక్పాలకులుగా కంప్యూటర్లను కూర్చోబెట్టిన మతంలో, మంచినీళ్ల గిన్నె, మనీప్లాంటు పెట్టుకున్న మన పిల్ల శుద్ధ ఛాందసురాలన్నమాట. వాళ్ల మంత్రాలు చాలావరకు రాసిన డోరీన్ వాలియెంటే కూడా బ్రైటన్‌లో ఇలాంటి ఎత్తయిన ఫ్లాట్ల భవనంలోనే ఉండేదట. ప్రముఖులు ఉన్న ఇళ్లకు ఇక్కడ పెట్టే నీలి ఫలకాన్ని 2013లో ఆ భవనానికి బిగించారు. తెనాలిలో సొంత డాబా ఉండి కూడా మీకు ఏ ఫలకమూ లేదు.

సుబ్బారావు: ప్రకృతిని కొలిచే మతమని చెప్పుకొని చంద్రకళలను ఫోనులో చూసుకోవడం ఏమిటని అడుగుతున్నాను. కిటికీ తీస్తే చంద్రుడు కనపడడా?

కామేశ్వరి: తీయండి.

(సుబ్బారావు లేచి కిటికీ లాగుతాడు. అది నాలుగు అంగుళాలు తెరుచుకొని ఆగిపోతుంది. ఆ సందులో ముక్కు పెట్టి ఆకాశం వైపు చూస్తాడు.)

సుబ్బారావు: అదిగో, ఎర్రగా.

కామేశ్వరి: అది క్రేను మీద దీపం.

సుబ్బారావు: (కిటికీ మూస్తూ) మబ్బు పట్టింది.

కామేశ్వరి: మన అమ్మాయి ఈ ఇంట్లో దిగిన రోజు పంతులుగారు విజయవాడ నుంచి వీడియోలోనే కదా సత్యనారాయణ వ్రతం చేయించారు? ‘ఆచమ్య’ అన్నచోట నెట్టు ఆగిపోతే, అల్లుడు అరచేతిలో నీళ్లు పట్టుకొని నాలుగు నిమిషాలు బొమ్మలా కూర్చున్నాడు. ఆ రోజు ‘సంకల్పం ముఖ్యం, సాధనం కాదు’ అన్నది ఎవరు?

సుబ్బారావు: అన్నాను. అది సందర్భోచితమైన మాట.

కామేశ్వరి: ఇదీ సందర్భమే. దారి వదలండి, నాకు అక్కడ ముఖ్యమైన పని ఒప్పజెప్పింది.

సుబ్బారావు: నీకా? ఏమి పని?

కామేశ్వరి: ఆ పిల్లకు వాళ్ల అమ్మమ్మ ఫొటో ఒక్కటే ఉంది, అదీ ట్యాబ్లెట్‌లో. పీట మీద నిలబెట్టి, ముందు ఆపిల్ పండు పెట్టింది. రెండు నిమిషాలకోసారి తెర ఆరిపోతోంది. నిన్న ఒక్కతే చేసి చూసుకున్నప్పుడు, కళ్లు మూసుకొని అమ్మమ్మను పిలిచి, కళ్లు తెరిచేసరికి నల్లటి పలక కనిపించి ఏడ్చిందట. అందుకని తను మంత్రం చదువుతున్నంతసేపూ నేను పక్కన కూర్చుని, ఆరబోతున్నప్పుడల్లా వేలితో తాకాలి.

(కొంతసేపు నిశ్శబ్దం.)

సుబ్బారావు: గంటసేపు అలా తాకుతూ కూర్చుంటావా?

కామేశ్వరి: కూర్చుంటాను. పోయినవాళ్లను ఎవరో ఒకరు తాకుతూ ఉండాలి కదా.

సుబ్బారావు: (కళ్లజోడు వెతుక్కుంటూ) తెర ఆరకుండా ఉంచడానికి సెట్టింగుల్లో ఒక చోటు ఉంటుంది కామేశ్వరీ. డేటాబేసులు చూసుకునే పిల్లకు ఆ మాత్రం తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఫోనులో పంచాంగం చదువుకోవడానికి నేను పోయిన నెలలోనే మార్చుకున్నాను.

కామేశ్వరి: పంచాంగం ఫోనులో చదువుతున్నారా?

సుబ్బారావు: ఆ చర్చ తరువాత. ఆరకుండా పెడితే బ్యాటరీ ఎంతోసేపు ఉండదు. ఛార్జరు తీసుకో. ఆ గదిలో ఉత్తరం గోడకు ప్లగ్గు ఉందా?

కామేశ్వరి: ఉత్తరమే ఎందుకు?

సుబ్బారావు: వాళ్ల శాస్త్రంలో ఉత్తరం భూమి స్థానమని ఇందాకే చెప్పాను. ఈ దేశపు ప్లగ్గుకు మూడు కాళ్లుంటాయి, పై కాలు ఎర్తు. శాస్త్రం కుదురుతుంది. ఆగు, నా కండువా ఎక్కడ పెట్టావు?