ఎక్కువ మెసేజ్‌లు వస్తే నది కబురు తాజాదేనా?

వానలు మొదలైతే చాలు, ఒడిశాలోని గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి తెలుగు గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. వంశధార నీటిమట్టం చెప్పే సోలార్ పరికరాల గురించి. అందులో నాలుగు మాటలుంటాయి: ఎన్ని ఎక్కువసార్లు రీడింగ్ పంపితే కబురు అంత తాజా, మెసేజ్ నిమిషంలో చేరితే అది లైవే, ఛార్జింగ్ దొరికిన వెంటనే పంపేయాలి, ఆగడం దండగ, పెద్ద బ్యాటరీ పెడితే ఇక గొడవే లేదు. వినడానికి సబబుగానే ఉన్నాయి. లెక్క వేస్తే మాత్రం మొదటి మూడూ నిలబడవు, నాలుగోది సగమే నిజం.

ముందు తాజాదనాన్ని కొలిచేదెలా? మనకు చేరిన రీడింగుల్లో అన్నిటికన్నా కొత్తది నది దగ్గర ఎప్పుడు తీశారో చూడాలి. అప్పటినుంచి ఇప్పటికి గడిచిన కాలమే ఆ సమాచారం వయసు. మెసేజ్ ఫోన్లో పడిన టైముతో దీనికి పనిలేదు.

"ఎక్కువసార్లు పంపితే తాజా." సంజిత్ కౌల్, రాయ్ యేట్స్, మార్కో గ్రుటెసర్ అనే పరిశోధకులు 2012లోనే దీన్ని లెక్కగట్టారు. ఒక రీడింగ్‌ని పంపడానికి నెట్‌వర్క్‌కి సగటున నిమిషం పడుతుందనుకోండి. రీడింగులు వేళాపాళా లేకుండా పుడుతూ, ముందొచ్చింది ముందు వెళ్లే పద్ధతిలో క్యూ కడతాయి. పది నిమిషాలకు సగటున ఒకటి పంపితే సమాచారం సగటు వయసు 11 నిమిషాలు. అదే పది నిమిషాలకు తొమ్మిది పంపితే? 10.2 నిమిషాలు! తొమ్మిది రెట్ల కరెంటు ఖర్చుపెట్టి సాధించింది నిమిషం కూడా కాదు. ఎందుకంటే కొత్త రీడింగ్ పాతవాటి వెనక క్యూలో ముసలిదైపోతోంది. అన్నిటికన్నా తక్కువ వయసు, సుమారు 3.5 నిమిషాలు, పది నిమిషాలకు ఐదు పైచిలుకు పంపినప్పుడు వస్తుంది. కొత్తది రాగానే దారిలో ఉన్న పాతదాన్ని పారేసే ఏర్పాటుంటే ఆ తొమ్మిది దగ్గరే వయసు 2.1కి దిగుతుంది. కానీ కరెంటు ఖర్చు అలాగే ఉంటుంది.

"నిమిషంలో చేరితే లైవే." పై లెక్కే జవాబు. పది నిమిషాలకు ఒకటి పంపినప్పుడు ప్రతి మెసేజూ సగటున 1.1 నిమిషాల్లో చేరిపోతుంది. అయినా తర్వాతది వచ్చేదాకా అది పాతబడుతూనే ఉంటుంది కాబట్టి మన చేతిలోని కబురు సగటు వయసు 11 నిమిషాలు.

"ఛార్జింగ్ దొరికిన వెంటనే పంపాలి." ఇదే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే తప్పు. ఎండ సగటున గంటకు ఒక్క మెసేజ్‌కి సరిపడా శక్తినే ఇస్తుంది, అదీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, బ్యాటరీలో ఒక్క మెసేజ్‌కే చోటుంది అనుకుందాం. దొరికిందల్లా వెంటనే పంపితే సగటు వయసు 60 నిమిషాలు. అలా కాక, కిందటి మెసేజ్ పంపి 54 నిమిషాలు కాకపోతే ఛార్జింగ్ ఉన్నా ఆగాలి అని నియమం పెడితే సగటు వయసు కూడా 54 నిమిషాలకు తగ్గుతుంది. ఆగినప్పుడు కొంత ఎండ వృథా అవుతుంది, మెసేజ్‌లు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, అయినా కబురు తాజాగా ఉంటుంది. ఐదు నిమిషాల కిందటే రీడింగ్ పంపి వెంటనే ఇంకొకటి పంపితే కొత్తగా తెలిసేది చాలా తక్కువ. ఆ తర్వాత రెండు గంటలు మబ్బు పట్టిందా, చూపించడానికి ఏమీ ఉండదు. సగటును చెడగొట్టేది ఆ పెద్ద ఖాళీలే.

ఇక పెద్ద బ్యాటరీ. ఉపయోగం ఉంది, కాదనను. ఎంతైనా నిల్వచేసే బ్యాటరీ ఉంటే గంటకొకటి చొప్పున సమంగా పంపి, వయసును దాదాపు 30 నిమిషాలకు దించవచ్చు. కానీ ఎండ గంటకొక మెసేజ్‌కే సరిపోతుంటే, ఎంత బ్యాటరీ పెట్టినా సగటు అంతకన్నా దిగదు. పైగా మన నదికి సగటు సరిపోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో ఆకాశమంతా మబ్బే, కబురు కావలసిందీ అప్పుడే. కాబట్టి మట్టం నిలకడగా ఉన్న రోజుల్లో పొదుపుగా పంపి, ఆ మిగులును నది పెరిగే గంటలకు ఉంచేలా పరికరాన్ని సెట్ చేయాలి. గ్రూపులో పెట్టే ప్రతి రీడింగ్ పక్కన దాన్ని నది దగ్గర తీసిన టైము కూడా ఉండాలి. నది దిగువన ఉన్న హిరమండలం వైపు చుట్టాలకు పంపేటప్పుడు మరీనూ.