రుద్దే ముందు అడగాల్సినవి

ఒళ్లు మర్దన మీద వచ్చిన ఒక వ్యాసం చదివి ఇది రాస్తున్నా. మర్దనకు ఏ నూనె మంచిది, ఎంతసేపు చేయాలి అన్నది అందులో వివరంగా ఉంది. కానీ చేయించుకునే మనిషిని ముందు ఏం అడగాలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. హన్మకొండలో ఇదే పని చేస్తున్న కాబట్టి చెప్తున్నా, అసలు పని మొదలయ్యేది అక్కడే.

భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్లు మా దగ్గరికి నడుం నొప్పితో వస్తరు. "గట్టిగ రుద్దు బిడ్డా" అని వచ్చుడుతోనే బోర్లా పడుకుంటరు. నేను లేపి కూర్చోబెట్టి అడుగుతా: నొప్పి నడుంలోనే ఉందా, కాలులోకి గుంజుతుందా? పాదం తిమ్మిరెక్కుతుందా? మూత్రం తెలియకుండా పడిపోతుందా? చివరిదానికి ఔనంటే చెయ్యి వెయ్యను, వెంటనే ఆసుపత్రికి పంపుతా.

పిక్క నొప్పి అంటే రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క కాలే వాచి వెచ్చగా ఉంటే, అందులోనూ ఈమధ్యే ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నవాళ్లయితే, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. రుద్దితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు వేడి తెలియకపోవచ్చు. అందుకే నూనె వేడి నా మణికట్టు మీదనే చూసుకుంటా. గర్భం, జ్వరం, చర్మం మీద పుండ్లు ఎట్లాగూ అడగాలి. మందుల సంగతి మాత్రం పేరుపేరునా అడగండి. "ఏం వాడట్లేదు" అన్న మనిషే "రక్తం పల్చబడే గోళీ?" అంటే "అది రోజూ వేసుకుంటా" అంటడు.

ఎక్కడ ముట్టుకోవద్దో కూడా ముందే అడగాలి, చాలామంది తమంతట తాము చెప్పరు. ఆ వ్యాసం రాసినవాళ్లకు ఒక మాట: దయచేసి ఈ ప్రశ్నలు అందులో నూనెల జాబితాకంటే పైన చేర్చండి.