కడప–రాజమండ్రి ఆకాశదూరం గారికి విన్నపం

మహారాజశ్రీ ఆకాశదూరం గారి దివ్యసముఖానికి కడప వాస్తవ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అయ్యా, రాజమండ్రి ఎంత దూరమని ఫోన్‌ని అడిగితే ముందు మీరే ఎదురొస్తారు. మలుపుల్లేకుండా సూటిగా గీత గీస్తే సుమారు 435 కిలోమీటర్లు, విమానంలో గంట. చదువుతుంటేనే ప్రాణం లేచొస్తుంది. పొద్దున ఇక్కడ కారం దోసె తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి గోదారి గట్టున ఉండొచ్చు. అంతా బాగానే ఉంది గానీ, ఆ విమానం ఏది స్వామీ?

రాజమండ్రి మాకు ఈశాన్యాన ఉంది. విమానంలో పోవాలంటే ముందు నేరుగా ఉత్తరానికి 300 కిలోమీటర్లు ఎగిరి శంషాబాద్‌లో దిగాలి. అక్కడ ఇంకోటి ఎక్కి తూర్పుకు 360. చెయ్యి తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడమంటే ఇదే. పైగా కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి, మొత్తం ప్రయాణానికి మీరు దయచేసిన ఆ గంట కాస్తా విమానం కదలకముందే ఖర్చయిపోతుంది. శంషాబాద్‌లో రెండో విమానం కోసం కూర్చున్న గంటలు ఎవరి ఖాతాలో రాసుకోమంటారు? అక్కడి టీ ధర గురించి ఈ ఉత్తరంలో వద్దులెండి, బీపీ ఉంది.

మీ తమ్ముడు ప్రయాణసమయం గారు ఇంకా గడుసు. ఏటీఆర్ అనే చిన్న విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన శంషాబాద్‌కి ముప్పావుగంట చాలు. టికెట్ మీద మాత్రం గంట పైనే ఉంటుంది. నిలిచినచోటు నుంచి కదిలిన క్షణం మొదలు మళ్లీ ఆగేదాకా లెక్క కట్టి, ఆలస్యమైతే పరువు పోకుండా ఇంకొన్ని నిమిషాలు కలుపుతారట. అందుకే "పది నిమిషాలు ముందే దిగాం" అని మైకులో చెబుతారు. మా దగ్గర కొట్టేసిన పది నిమిషాలు మాకే బహుమానమిస్తే మేం మురిసిపోయి, ఇంకా ఆగని విమానంలోనే లేచి నిలబడి, ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి వదులుతూ వెనక తలుపు వైపు క్యూ కడతాం.

చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న ఎగిరిన తొలి విమానాల్లో మా కడప–హైదరాబాద్‌దీ ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నారు, హవాయి చెప్పులవాడూ ఎగరాలన్నారు. సంతోషమే. ఎటు ఎగరాలో మాత్రం చెప్పుల్ని అడగలేదు.

కాబట్టి తమరికి మనవి: ఇకపై 435 పక్కన "కొంగలకు మాత్రమే వర్తించును" అని చిన్న అక్షరాలతోనైనా వేయించగలరు.

అంతవరకు నేను తిరుమల ఎక్స్‌ప్రెస్‌లోనే పోతాను. అదీ ముందు తిరుపతి వైపు దక్షిణానికే లాక్కుపోతుంది, కాదనను. కానీ తిప్పే ప్రతి కిలోమీటరూ టికెట్ మీద అచ్చేసి మరీ తిప్పుతుంది.

ఇట్లు,
తమ లెక్కలో లేని ప్రయాణికుడు