‘సీలెంట్ గన్ ఏదైనా ఒకటే’ అన్న ప్రచారంలో నిజమెంత?

సీలెంట్‌తో, అంటే ట్యూబులో వచ్చి, పూశాక గట్టిపడే ముద్దలాంటి పదార్థంతో, సందులు మూసే పని గురించి చాలామంది ఒకరికొకరు పంపుకుంటున్న సలహా ఒకటుంది. గన్ ఏదైనా ఒకటేనట. ట్యూబు కొసన ఉండే సన్నని గొట్టాన్ని, అంటే నాజిల్‌ను, వెడల్పుగా కోస్తే పని త్వరగా తెములుతుందట. పాత సీలెంట్‌ను గీకకుండా దాని మీదే కొత్తది పూయవచ్చట. చివరికి సబ్బునీళ్ళలో ముంచిన వేలితో రుద్దితే అన్నీ సర్దుకుంటాయట. వీటిలో మొదటి మూడు మాటలూ తప్పు, నాలుగోది సగమే నిజం. నమ్మి పని చేసినవారు కొద్ది నెలలకే మళ్ళీ అదే సందు ముందు కూర్చోవలసి వస్తుంది కనుక దీనికి వివరంగా జవాబు చెప్పాలి.

ముందుగా గన్ సంగతి. అది మన చేతి బలాన్ని పెంచి ట్యూబు అడుగున ఉన్న బిళ్ళను ముందుకు నెట్టే సాధనం. కొన్ని గన్‌ల మీద కనిపించే 6:1, 12:1, 18:1, 26:1 అన్న అంకెలు ఆ బలం ఎన్ని రెట్లవుతుందో చెబుతాయి. మెత్తగా జారే యాక్రిలిక్ రకం సీలెంట్‌కు తక్కువ నిష్పత్తి చాలు; చిక్కటి పాలీయురేథేన్ రకాన్ని దానితో నొక్కితే వేళ్ళు నొప్పి పుడతాయి తప్ప వరుస సమంగా రాదు, కాబట్టి దానికి 18:1 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది కావాలి. అలాగని పెద్ద అంకె ఉన్నదే ఎప్పుడూ మేలనుకోకూడదు. బలం పెరిగిన కొద్దీ ఒక్కో నొక్కుకు బిళ్ళను నెట్టే రాడ్డు కదిలే దూరం తగ్గుతుంది, పలచని పదార్థంతో పని అనవసరంగా సాగుతుంది.

అంతకన్నా ముఖ్యమైన తేడా ఆపడంలో ఉంది. పళ్ళ రాడ్డు ఉన్న గన్‌లో ట్రిగ్గర్ వదిలినా ఒత్తిడి ట్యూబులోనే నిలిచి ఉంటుంది. నేను మొదటిసారి అలాంటి గన్‌తో బేసిన్ అంచు పూసినప్పుడు, ట్రిగ్గర్ వదిలేశాను కదా అని గన్ పక్కన పెట్టి వేలితో సవరిస్తూ ఉండగానే, నాజిల్ కొసన ముద్ద పేరుకుని పలకల మీదికి జారింది. రాడ్డును తిప్పి పళ్ళను విడిపించి వెనక్కి లాగాలని అప్పటికి నాకు తెలియదు. నున్నటి రాడ్డుతో, వదలగానే ఒత్తిడి తనంతట తగ్గే గన్ దొరికితే కొత్తవారు దాన్నే ఎంచుకోవాలి.

నాజిల్‌ను సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా, రంధ్రం సందు కన్నా కాస్త సన్నగా ఉండేలా కోయాలి. సన్నగా కోసినదాన్ని మళ్ళీ కోయవచ్చు, వెడల్పుగా కోసినదాన్ని అతికించలేము. ట్యూబు మూతి లోపల పొర ఉంటే పొడవాటి మేకుతో పొడవడం మరవకూడదు. పొడవకుండా బలంగా నొక్కితే పదార్థం వెనక బిళ్ళ పక్కనుంచి పొంగి రాడ్డంతా అంటుకుంటుంది. వెడల్పు కోత వల్ల మరో నష్టమూ ఉంది. సిలికాన్ రకం సీలెంట్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి గట్టిపడుతుంది, అదీ రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పునే. లావుగా పోసిన వరుస పైకి ఆరినట్టు కనిపించినా లోపల చాలా రోజులు పచ్చిగానే ఉంటుంది. సందు లోతుగా ఉంటే సీలెంట్‌తోనే నింపకుండా అడుగున స్పాంజిలాంటి ఫోమ్ తాడు పెట్టి, పైన సందు వెడల్పులో సగం లోతు మేరకే పూయడం సరైన పద్ధతి. అప్పుడు సీలెంట్ రెండు పక్కలకే అతుక్కుని, సందు కదిలినప్పుడు చిరగకుండా సాగుతుంది.

పాతదాని మీద కొత్తది పూయమనడం అన్నిటికన్నా హానికరమైన మాట. గట్టిపడిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ కూడా నమ్మకంగా అతుక్కోదు, కొంతకాలానికి అంచు పట్టుకుని లాగితే రిబ్బనులా ఊడి వస్తుంది. పాతదంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే గన్ చేతిలోకి తీసుకోవాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని, పాలరాయిని పాడుచేస్తుంది కనుక వాటి దగ్గర ఆ వాసన రాని న్యూట్రల్ రకమే వాడాలి.

ఇక సబ్బునీళ్ళు. పూసిన వెంటనే వరుస పైభాగానికి కొద్దిగా తాకిస్తే సిలికాన్ వేలికి అంటుకోదన్నది నిజమే. అయితే పూయకముందే ఆ నీరు అంచులకు తగిలితే సీలెంట్ అక్కడ పట్టదు. సీలెంట్ పైన పొర కట్టాక రుద్దితే అది ముడతలు పడి చిరుగుతుంది. అందుకే ఇరువైపులా మాస్కింగ్ టేపు అంటించి, మూర పొడవు చొప్పున పూసి, ఒకే ఊపులో సవరించి, పొర కట్టక ముందే టేపును ఏటవాలుగా లాగేయాలి.