హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ ఇంట్లో కట్టకూడదా? ఆ మెసేజ్‌కు నా జవాబు

కొన్ని వారాలుగా నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్‌ను సొంతంగా కట్టుకోవాలనుకునే కుర్రవాళ్లను హెచ్చరిస్తూ ఎవరో రాశారు. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: ‘బోర్డు ఉపరితలం మీద అతికించే చిన్న భాగాలకు వాడే వేడిగాలి 350 డిగ్రీలు ఉంటుంది. చిప్ తట్టుకునేది 150 డిగ్రీలే కాబట్టి కాలిపోయి తీరుతుంది. అది లక్షల రూపాయల యంత్రాలున్న ఫ్యాక్టరీలు చేసే పని. ఎలాగో అతికించినా శబ్దం పేలవంగా ఉంటుంది, పొడుగు కాళ్ల పాత భాగాలదే అసలు శబ్దం. సీసం పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన సముద్రతీరపు గాలికి ఆ బోర్డు ఆరు నెలలు కూడా నిలవదు. చివరికి మీ ఖరీదైన హెడ్‌ఫోన్ కూడా పోతుంది.’

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు ఈ మెసేజ్ చూసి, డబ్బు పోసి తెప్పించుకున్న బోర్డును, చిప్పులను పెట్టెలోంచి తీయనే లేదు. నేను ఇంట్లోనే మూడు ఆంప్లిఫైయర్లు కట్టాను, రెండింటిలో ఇప్పటికీ రోజూ పాటలు వింటున్నాను. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. చివరి మాటలో మాత్రం నిజం ఉంది. దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందు 150 డిగ్రీల సంగతి. ఆ అంకె గాలిలోంచి పుట్టలేదు, చిప్పుల డేటాషీట్లలో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రాల్లో) ఉన్నదే. అయితే అది చిప్ పనిచేస్తున్నప్పుడు లోపలి సిలికాన్ దాటకూడని వేడి. టంకం వేసే కొద్ది క్షణాలకు హద్దు వేరు. 63 శాతం తగరం, 37 శాతం సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేని రకం సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈ రెండోదే కనుక, చిన్న చిప్పులను 260 డిగ్రీల వేడిని కొన్ని సెకన్లు తట్టుకునేలా తయారుచేసి పరీక్షిస్తారు. 150 డిగ్రీలకే చిప్ కాలిపోయే మాటైతే ఆ మెసేజ్ చదవడానికి మన చేతిలో ఫోనే ఉండేది కాదు.

ఇక వేడిగాలి ఊదే బ్లోయర్ మీద కనిపించే 350. అది గొట్టం మూతి దగ్గర గాలి వేడి, చిప్ వేడి కాదు. కారం దోశ వేసే ఎవరికైనా ఈ తేడా తెలుసు: మంట వేడి వేరు, పెనం వేడి వేరు, పెనం మీది పిండి వేడి వేరు. దోశ మాడేది మంట వల్ల కాదు, తీయవలసినప్పుడు తీయకపోవడం వల్ల. చిప్ విషయంలోనూ అంతే. ఎప్పుడు ఆపాలో కంటితో పట్టుకోవడమే ఇందులోని విద్య.

ఆ పట్టుకోవడం ఎలాగో చెబుతాను. బోర్డు మీది రాగి పలకల మీద బూడిద రంగు సోల్డర్ పేస్టు (టంకపు పొడిని, టంకం బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ అనే జిడ్డును కలిపిన ముద్ద) పలచగా పూసి, పటకారుతో చిప్‌ను దాని మీద నిలుపుతాం. గాలి జోరు తగ్గించి, గొట్టాన్ని నాలుగైదు అంగుళాల ఎత్తులో గుండ్రంగా తిప్పుతూ ఒక నిమిషం పైగా బోర్డునంతా వెచ్చబెడతాం. తరవాత నెమ్మదిగా కిందికి దించుతాం. ముందు ఫ్లక్స్ కరిగి చిప్ అంచుల వెంట చెమ్మలా పాకుతుంది, సన్నగా బుడగలు వస్తాయి. పేస్టు ఇంకా మెరుపు లేని బూడిద రంగులోనే ఉంటుంది. ఉన్నట్టుండి ఒక మూల మెరుస్తుంది, రెండు మూడు సెకన్లలో ఆ మెరుపు చిప్ చుట్టూ తిరిగి వస్తుంది. అప్పుడు చిప్ తనంతట తానే వెంట్రుకవాసి కదిలి సరిగ్గా తన చోటికి వచ్చి కూర్చుంటుంది. కరిగిన టంకానికి ఉండే తలతన్యత దాన్ని అలా లాగుతుంది. పటకారు మొనతో తాకీ తాకనట్టు నెడితే పక్కకు జరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. అలా వచ్చిందంటే కింద అంతా కరిగినట్టే, ఇక గొట్టం పైకి ఎత్తేయాలి. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా మేనల్లుడికి దక్కకుండా పోతున్నది అదే.

కాలిపోయేవి లేకపోలేదు. వాల్యూమ్ తిప్పే పొటెన్షియోమీటర్, హెడ్‌ఫోన్ జాక్, ప్లాస్టిక్ తొడుగు ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వ చేసే భాగాలు) వేడిగాలికి మెత్తబడి రూపు చెడతాయి. వాటిని చివర్లో మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో పెట్టుకోవాలి. ఈ ఒక్క వరస పాటిస్తే చాలు. మెసేజ్ రాసినవారు దీన్ని చెప్పి ఉంటే నాలుగు బోర్డులు బాగుపడేవి.

లక్షల యంత్రం మాటకు జవాబు పుస్తకాల్లో వెతకనక్కరలేదు. నెల్లూరు ట్రంకు రోడ్డుకో ఒంగోలు ట్రంకు రోడ్డుకో వెళ్లి ఏదైనా సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ముందు పది నిమిషాలు నిలబడండి. బల్ల మీద ఉండేది మూడు నాలుగు వేల రూపాయల బ్లోయర్, ఒక మైక్రోస్కోపు, ఒక మల్టీమీటర్. వాటితోనే ఫోను బోర్డు మీది చిప్‌ను లేపి, కింద ఉన్న టంకపు గుండ్లను శుభ్రం చేసి, కొత్తది కూర్చోబెడుతున్నారు. ఆ గుండ్ల మధ్య దూరం అర మిల్లీమీటరు కూడా ఉండదు. మన ఆంప్లిఫైయర్‌లో సాధారణంగా వాడే ఎనిమిది కాళ్ల చిప్‌లో కాలికి కాలికి మధ్య 1.27 మిల్లీమీటర్లు. రెసిస్టర్లు 0805 సైజులో తీసుకుంటే 2 మిల్లీమీటర్ల పొడవు, 1.25 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే కళ్లద్దాలతో చూస్తూ చేయగల పని. నాకు గొట్టం పట్టడం నేర్పింది ఇలాంటి దుకాణంలోని ఒక అన్నే. చచ్చిపోయిన సెట్‌టాప్ బాక్సు బోర్డు ఒకటి చేతికిచ్చి, ‘దీని మీదున్నవన్నీ ఊడదీసి మళ్లీ పెట్టు, తర్వాత నీ బోర్డు ముట్టుకో’ అన్నాడు. అంతకు మించిన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. మన ఊళ్లో ఇంత నేర్పు రోజూ కళ్ల ముందు ఉండగా ఇది ఫ్యాక్టరీల సొత్తు అని చెప్పడం ఆ చేతులను అవమానించడమే.

ఆ అన్న చెప్పిన ఇంకో మాట కూడా మెసేజ్‌లో లేదు: బ్లోయర్ కంటే నకిలీ చిప్‌కు భయపడమన్నాడు. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు రైల్లో వెళ్లి తెచ్చుకున్నా, ఇంటికి తెప్పించుకున్నా, చౌకైన ఆప్ ఆంప్ (శబ్ద సంకేతాన్ని పెంచే చిప్) మీద అచ్చు గీకి ఖరీదైన పేరు వేసినవి తగులుతూ ఉంటాయి. వందల రూపాయల చిప్ పది రూపాయలకు వస్తోందంటే అనుమానించాలి.

శబ్దం సంగతికి వద్దాం. ఈ మాటను నమ్మేవాళ్లలో మంచి చెవి ఉన్నవాళ్లు కూడా ఉన్నారు కనుక తేలిగ్గా తీసేయను. ఆప్ ఆంప్ లోపలి సిలికాన్ ముక్క పొడుగు కాళ్ల తొడుగులో ఉన్నా పొట్టి కాళ్ల తొడుగులో ఉన్నా ఒకటే. ఎన్‌ఈ5532 అనే ఆప్ ఆంప్ రెండు రకాల్లోనూ దొరుకుతుంది. కాళ్లు పొట్టివైతే వైరింగ్‌లోని అనవసరపు ఇండక్టెన్స్ (మారే కరెంటుకు తీగ చూపే అడ్డు) తగ్గుతుంది, విద్యుత్ సరఫరాను స్థిరపరిచే 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్‌ను చిప్ కాలికి ఆనుకుని పెట్టవచ్చు. వేగంగా స్పందించే చిప్పులు పాట లేకుండానే తమలో తాము ఊగిసలాడకుండా ఉండటానికి ఇది చాలా ముఖ్యం. పైగా హెడ్‌ఫోన్ల కోసమే రూపొందించిన ఓపీఏ1622, టీపీఏ6120ఏ2 లాంటి చిప్పులు పొడుగు కాళ్లతో రావు. ఓపీఏ1622 మొత్తం 3 మిల్లీమీటర్ల చదరం, వేడి దిగడానికి దాని పొట్ట కింద ఒక లోహపు పలక ఉంటుంది. ఐరన్ మొన అక్కడికి చేరదు, కింద టంకం కరగాలంటే వేడిగాలే సులువైన దారి. ఆ పలకను గ్రౌండ్‌కు కలపాలో నెగెటివ్ సరఫరాకు కలపాలో డేటాషీట్ చూసి నిర్ణయించుకోవాలి. ఊహ పనికిరాదు.

మరి పేలవమైన శబ్దం విన్నామనేవాళ్లు విన్నదేమిటి? నా అనుభవంలో దోషి ఎక్కువగా సిరామిక్ కెపాసిటర్. ఎక్స్7ఆర్ రకం సిరామిక్‌ల విలువ, వాటి మీద పడే వోల్టేజీని బట్టి మారుతుంది. పాట నడిచే దారిలో, ముఖ్యంగా బేస్ స్వరాలు దాటవలసిన చోట, అలాంటిది పెడితే స్వరం వంకర పోతుంది. అదే చోట సీ0జీ రకం సిరామిక్ గానీ ఫిల్మ్ కెపాసిటర్ గానీ పెడితే ఆ బాధ లేదు. ఎక్స్7ఆర్‌ను సరఫరా దగ్గర నిశ్చింతగా వాడుకోవచ్చు. అంటే తప్పు అతికించిన పద్ధతిది కాదు, ఎంచుకున్న పదార్థానిది. పొడుగు కాళ్ల భాగాలతో గొప్ప ఆంప్లిఫైయర్లు లేవని నేను అనడం లేదు. 2011లో వచ్చిన ఆబ్జెక్టివ్2 అనే హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ డిజైన్ పూర్తిగా అలాంటి భాగాలతోనే కట్టింది, కొలతల్లో ఖరీదైన వాటికి దీటుగా నిలిచింది. దాన్ని నిలబెట్టింది డిజైన్, కొలత.

సీసం పొగ అనేది పొరపాటు. సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర, మన పని వేడికి అది ఆవిరై గాల్లో కలిసేంత ఉండదు. కనిపించే పొగ ఫ్లక్స్‌లోని రోజిన్‌ది. అదీ మంచిది కాదు, ఉబ్బసం తెప్పించగలదు, కాబట్టి కిటికీ దగ్గర కూర్చుని పొగను బయటికి లాగే చిన్న ఫ్యాను పెట్టుకోవాలి. సీసం ఒంట్లోకి చేరే దారి చేతుల నుంచి నోటికి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి, వంటింటి గట్టు మీద, పసిపిల్లలు పాకే చోట ఈ పని పెట్టుకోకండి.

సముద్రపు గాలి విషయంలో మెసేజ్ భయపెట్టింది తప్ప దారి చూపలేదు. మైపాడులో ఉన్నా కొత్తపట్నంలో ఉన్నా చేయవలసినవి మూడే. సోల్డర్ పేస్టును ఫ్రిజ్‌లో దాస్తాం కదా, తీసిన వెంటనే మూత తెరవకూడదు. మన ఉక్కపోతకు చల్లని డబ్బా లోపల క్షణాల్లో నీరు పడుతుంది. ఆ నీరు వేడికి చిట్లి టంకాన్ని చిన్న చిన్న గుండ్లుగా చెదరగొడుతుంది. మూత పెట్టి ఉంచే గంటల తరబడి గది వేడికి రానివ్వాలి. రెండోది, రోహిణి కార్తె ఎండలైనా సరే, గొట్టం పట్టుకున్నంత సేపు తల మీది సీలింగ్ ఫ్యాను ఆపాలి. అది బోర్డును ఒక వైపే చల్లారుస్తుంది, బియ్యపు నూక లాంటి రెసిస్టర్లను ఎగరగొడుతుంది. మూడోది, పని అయ్యాక మిగిలిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో కడిగేయాలి. ఉప్పు తేమను పట్టుకుని రాగిని తినేది చాలావరకు ఆ మిగిలిన జిడ్డే. నా మొదటి బోర్డు ఇక్కడే నాలుగు వానాకాలాలు చూసింది.

ఇక హెడ్‌ఫోన్ పోతుందన్న మాట. పోగలదు. అందుకు కారణం వేడిగాలి కాదు, డీసీ. ఆంప్లిఫైయర్ బయటికి పంపవలసింది ఊగే వోల్టేజీని. లోపల ఏదైనా తప్పు జరిగి నిలకడ వోల్టేజీ వచ్చిందంటే అది నేరుగా హెడ్‌ఫోన్‌లోని సన్నని కాయిల్‌ను వేడెక్కిస్తుంది. 32 ఓముల హెడ్‌ఫోన్‌కు 5 వోల్టుల డీసీ తగిలితే దాదాపు 0.8 వాట్లు ఆగకుండా పడుతూనే ఉంటాయి. ఆ హెడ్‌ఫోన్‌లో పాట గట్టిగా వినడానికి కావలసింది వాటులో వెయ్యో వంతు, అంటే ఒక మిల్లీవాటు. మిల్లీవాటుకు 100 డెసిబెల్స్ ఇచ్చే హెడ్‌ఫోన్ అయితే అది కూడా ఎక్కువే. వారానికి 40 గంటలు వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితమని చెప్పేది 80 డెసిబెల్స్ వరకే. మెసేజ్ హెడ్‌ఫోన్ కోసం బాధపడింది, చెవి కోసం ఒక్క మాట రాయలేదు. నేను రాస్తున్నాను, వాల్యూమ్ తగ్గించి వినండి.

నా రెండో బోర్డు కథ ఇక్కడ చెప్పాలి. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడిచేది. అన్నీ చక్కగా మెరుస్తున్నాయి, కాళ్ల మధ్య టంకం ఎక్కడా కలవలేదు. హెడ్‌ఫోన్ పెట్టకుండా ముందు మల్టీమీటర్ పెట్టాను. కుడి వైపు 2 మిల్లీవోల్టులు. ఎడమ వైపు 7.6 వోల్టులు. భూతద్దం కింద చూస్తే ఎడమ వైపు ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి చిప్‌ను అదుపులో ఉంచేది) ఒక కొస మీద నిలబడి ఉంది, సమాధి రాయిలా. ఒక చివర టంకం ముందు కరిగి లాగేసరికి రెండో చివర పైకి లేచిపోయింది. ఫీడ్‌బ్యాక్ తెగిన ఆప్ ఆంప్ తన అవుట్‌పుట్‌ను సరఫరా అంచుదాకా నెట్టేస్తుంది. ఆ క్షణంలో జాక్ పెట్టి ఉంటే చిప్ ఇవ్వగలిగినంత కరెంటు నా హెడ్‌ఫోన్ కాయిల్‌లోకి పోయేది. ఫ్లక్స్ రాసి, రెండు చివరలూ ఒకేసారి వేడెక్కేలా గాలి పట్టి, రెసిస్టర్‌ను పడుకోబెట్టాను.

కాబట్టి మీ బోర్డు సిద్ధమైనప్పుడు ఇలా చేయండి. ముందు ఖాళీగా డీసీ చూడండి, తర్వాత రెండు వైపులా హెడ్‌ఫోన్ బదులు 33 ఓముల రెసిస్టర్లు పెట్టి పది నిమిషాలు చూడండి. 20 మిల్లీవోల్టుల లోపు స్థిరంగా ఉండాలి. పాట లేకుండానే చిప్ వేలు పెట్టలేనంత కాలుతుంటే అది ఊగిసలాడుతోందని అనుమానించండి. రెండు బ్యాటరీల్లో ఒకదాన్ని తీసి కూడా చూడండి, ఒకటి ముందు అయిపోయినప్పుడు ఏం జరుగుతుందో అప్పుడే తెలుస్తుంది. ఆబ్జెక్టివ్2లో అలాంటప్పుడు రెండు సరఫరాలనూ ఒకేసారి ఆపే ఏర్పాటు ఉంది, మీ డిజైన్‌లో లేకపోతే పెట్టుకోండి. ఇవన్నీ దాటాక మొదట వంద రూపాయల ఇయర్‌ఫోన్‌తో వినండి.

మా మేనల్లుడు పోయిన ఆదివారం ఇంటికి వచ్చాడు. ఫ్యాను ఆపి ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. గొట్టం వాడే పట్టాడు, నేను మీటరు పట్టాను. ఎడమ 1.8 మిల్లీవోల్టులు, కుడి 2.1. ‘ఇప్పుడు పెట్టమంటావా మామయ్యా?’ అన్నాడు, ఇయర్‌ఫోన్ జాక్ చేతిలో పట్టుకుని.