21 రోజుల గ్యారంటీ

సుబేదారిలో లెక్కల సారు ఇంట్లో టైసన్ ఉంది. లాబ్రడార్, ఆరు నెలల వయసు, 22 కిలోల బరువు. ఇంటికి ఎవరొచ్చినా ముందుకాళ్లు రెండూ ఎత్తి వాళ్ల ఛాతీ మీద ఆనించి మూతి నాకడం దాని మర్యాద. ఆ మర్యాద తట్టుకోలేక గ్యాస్ పిలగాడు సిలిండర్‌ను గేటు బయటే దించి పోతున్నాడు. కరెంటు మీటర్ చూసే ఆయన పక్కింటి మెట్లెక్కి దూరం నుంచే రీడింగ్ రాసుకుంటున్నాడు.

ఇందులో టైసన్ తప్పేం లేదు. కుక్క ఎగిరేది మనిషి మొహం అందుకుందామని. మూడు కిలోలున్నప్పుడు ఎగిరితే ఇంటిల్లిపాదీ ముద్దు చేసి ఎత్తుకున్నారు. ఇప్పుడు రెండు చేతులతో నెడుతున్నారు. ఎత్తుకున్నా, నెట్టినా, అరిచినా దాని ఖాతాలో ఆటే. పాల పళ్లు ఊడే వయసు గనక దవడ దురద పెట్టి సారు లాగరిథం పట్టికల పుస్తకాన్ని కూడా నమిలేసింది. సారు అది కూడా ఓర్చుకున్నాడు గానీ, కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది: "వచ్చే నెల పదకొండు నాడు పిల్లను చూడనీకి వస్తున్నం."

మరునాడు హన్మకొండ చౌరస్తాలో గోడ మీద కాగితం కనిపించింది. పోలీస్ స్టైల్ డాగ్ ట్రైనింగ్, 21 రోజులు, నూటికి నూరు శాతం గ్యారంటీ.

మన దగ్గర స్కూటర్ నడపాలంటే లైసెన్సు కావాలి, కుక్కను నడపాలంటే బోర్డు చాలు. కుక్కల ట్రైనర్లకు పెట్టే సీపీడీటీ అనే అంతర్జాతీయ పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 300 గంటలు ట్రైనింగ్ ఇచ్చిన అనుభవం చూపించాలి. గోడ మీది కాగితానికి మైదా లై ఉంటే సరిపోతుంది. ఇక పోలీస్ స్టైల్ సంగతి. మొయినాబాద్‌లో మన పోలీసు కుక్కలకు నెలల తరబడి శిక్షణ ఇస్తారు, దాన్ని పట్టుకుని తిరిగే హ్యాండ్లర్‌కు కూడా పక్కనే శిక్షణ నడుస్తుంది. కుక్కనొక్కదాన్నే పంపి 21 రోజులకు ఇస్త్రీ బట్టల్లా తెచ్చుకునే పద్ధతి పోలీసుల దగ్గర లేదు.

సారు అడిగినవి లెక్కల ప్రశ్నలు. ఎంత? 12,000. తిండితోనా? తిండితోనే. అంటే రోజుకు 571 రూపాయల 43 పైసలు. సగం ముందిస్తే చాలునా? చాలు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. కుక్క సరిగ్గా చేస్తే ఏమిస్తావు? తప్పు చేస్తే ఏం చేస్తావు? నువ్వు నేర్పుతుంటే మేం పక్కన నిలబడి చూడొచ్చా? మూడో ప్రశ్నకు "ఓనరుంటే కుక్క ఇనది సార్" అని జవాబొస్తే బండి అక్కణ్నుంచే వెనక్కి తిప్పాలి. రెండోదానికి "దాన్ని మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అంటే కుక్కకు ఫికర్ మొదలైనట్టే.

కాగితం అంటించిన ట్రైనింగ్ మాస్టర్ మాత్రం ధీమాగా సిద్ధాంతం చెప్పాడు. "తోడేళ్లల్ల ఒక లీడరుంటది సార్. ఇంట్ల లీడర్ మీరేనని దానికి తెల్వాలె. మీరు తిన్నంకనే అది తినాలె." ఈ లీడర్ కథకు మూలం 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో పెట్టిన, ఒకదానికొకటి కొత్త తోడేళ్లను చూసి రాసింది. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు, అంతే అని తోడేళ్ల మీద పరిశోధన చేసిన డేవిడ్ మీచ్ 1999లో రాశాడు. ఆ వార్త ఇంకా మాస్టర్ దాకా రాలేదు. ఆయన జేబులో చోక్ చైన్ మాత్రం ఉంది, లాగితే మెడకు బిగుసుకునే గొలుసు. దాంతో మెడ గుంజితే శ్వాసనాళం నలుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి: నొప్పి పుట్టిన క్షణంలో కుక్క కళ్లెదుట ఏముంటే నొప్పి దానివల్లే వచ్చిందనుకోవచ్చు. ఆ క్షణంలో ఎదురుగా పక్కింటి చంటోడు నిలబడితే నేరం వాడి మీద పడుతుంది. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ఏ కుక్కకైనా బహుమతి పద్ధతే వాడమని చెప్పింది ఇందుకే.

21 రోజులకు టైసన్ తిరిగొచ్చింది. వాకిట్లో ప్రదర్శన జరిగింది. మాస్టర్ "సిట్" అన్నాడు, కూర్చుంది. "డౌన్" అన్నాడు, బోర్లా పడుకుంది. "ఓకే" అన్నాడు, లేచి తోకాడించింది. కొడుకు ఫోన్‌లో వీడియో తీశాడు. సారు మిగతా ఆరు వేలు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

సాయంత్రం నుంచి టైసన్‌కు చెవులు పనిచేయలేదు. సారు "సిట్" అంటే ఆయన వెనక ఎవరున్నారా అని చూసింది. నాయినమ్మ "కూసో బిడ్డా" అంది, సారు భార్య "కూర్చోరా" అంది, కొడుకు "సిట్ డౌన్" అన్నాడు. దాంట్లో సగం కూర్చోమని, సగం పడుకోమని. నాయినమ్మ లంచంగా సకినం ముక్క కూడా చూపించింది. నూనె, ఉప్పు కుక్కకు మంచివి కావు గానీ, టైసన్ ఆ ముక్కను నిలబడే తినేసింది. మాస్టర్‌కు ఫోన్ చేస్తే "మీ గొంతుల పవర్ లేదు సార్" అన్నాడు. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పిన గొంతు అది. సారు పవర్ పెట్టి "సిట్" అని అరిస్తే పక్కింటి ట్యూషన్ పిల్లలు కూర్చున్నారు.

పదకొండు నాడు టైసన్‌ను పెరట్లో కట్టేశారు. అది ఆపకుండా మొరుగుతుంటే "ఇడువుండ్రి సారూ, మాకు కుక్కలంటే పానం" అన్నారు కరీంనగర్ వాళ్లు. పానమన్నవాళ్ల మీదికే వచ్చింది. పెండ్లికొడుకు తెల్ల చొక్కా మీద రెండు పాదముద్రలు పడ్డాయి. సారు "సిట్", భార్య "కూర్చో", నాయినమ్మ "ఓర్నీ" అని ఒకేసారి అన్నారు.

అప్పుడు మూలన కుర్చీలో ఉన్న పిల్లగాని పెదబాపు ఏమీ పట్టనట్టు జేబులోంచి తంబాకు డబ్బా తీశాడు. మూత టక్కుమంది. టైసన్ పెండ్లికొడుకును వదిలేసి వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన సున్నం కలిపి బొటనవేలితో నలిపాడు. టైసన్ కూర్చుంది. అరచేతిలో చట్, చట్ అని కొట్టాడు. పడుకుంది. హాలంతా నిశ్శబ్దం. "ఏం మంత్రమే అన్నా!" అన్నాడు పెండ్లికొడుకు తండ్రి. పెదబాపు గర్వంగా తంబాకు పెదవి కింద పెట్టుకుని, చేతులు రెండూ దులుపుకున్నాడు.

టైసన్ డిక్షనరీలో చేతులు దులపడమంటే "ఓకే". ఒక్క దూకులో టీపాయ్ మీది జిలేబీల పళ్లెం దగ్గర తేలింది. పోయినవి 14. ఆ లెక్క సారుదే. "ఫోన్ జేస్తం" అని కరీంనగర్ వాళ్లు లేచారు.

జిలేబీలు రాత్రంతా కక్కితే పొద్దున్నే పశువుల డాక్టర్ దగ్గరికి ఉరికారు. ఆయన మామునూరు పశువైద్య కళాశాలలో చదివినాయన. కడుపుతో పాటు చెవులు, నడుము, కీళ్లు కూడా చూశాడు. ఎక్కడన్నా నొప్పి ఉంటే కుక్క మాట వినదు, అప్పుడు ఏ ట్రైనరూ పనికిరాడు. ఒంట్లో ఏం లేదని తేల్చి, ఒక ట్రైనర్ అమ్మాయి నంబర్ ఇచ్చాడు.

ఆమె గ్యారంటీ మాట ఎత్తలేదు. వారానికొక రోజు వస్తా, ఇంట్లో అందరూ ఉండాలి, నేను నేర్పేది మీకు, మీరు నేర్పేది టైసన్‌కు అంది. పాత వీడియో అడిగి మూడుసార్లు వెనక్కి తిప్పి చూసింది. మాస్టర్ ప్రతిసారీ "సిట్" అనడానికి ఒక సెకను ముందే తంబాకు నలపడం మొదలుపెడుతున్నాడు. మాట కంటే చేతి కదలికను కుక్క తొందరగా పడుతుంది, అందులోనూ ముందొచ్చే గుర్తునే నమ్ముతుంది. పైగా పెదవి కింద తంబాకుతో మాస్టర్ అనే "సిట్" "థిత్" లాగే వినిపిస్తోంది. అలా 12,000కు టైసన్ నేర్చుకున్నది తంబాకు.

విద్య వృథా పోలేదని, భాష మారిస్తే చాలని ఆమె ధైర్యం చెప్పింది. నాయినమ్మ ఓటుతో "కూసో" ఖాయమైంది. పడుకోవడానికి "పండు". రెండూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించారు, ఇంకో మాట వాడితే సారుకైనా చాయ్ బంద్. ఉప్పు, ఉల్లిగడ్డ లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగ గింజంత ముక్కలు చేయాలి. రోజు తిండిలో ఇది పదో వంతు దాటకూడదు. పూటకు మూడు నిమిషాలు, రోజుకు నాలుగు పూటలు. ముందు "కూసో" అనాలి, ఒక సెకను ఆగి పాత గుర్తు ఇవ్వాలి, అంటే చేయి నలపాలి. పిర్ర నేలకు తాకిన క్షణంలో "సై" అని ముక్క ఇవ్వాలి. ముక్క రెండు సెకన్లు ఆలస్యమైతే అది లేచి నిలబడ్డందుకు ఇచ్చినట్టవుతుంది. పాతిక ముప్పైసార్లకు చేయి కదలకముందే కూర్చోవడం మొదలవుతుంది, అప్పటి నుంచి నలపడం తగ్గిస్తూ పోవాలి. పదింట ఎనిమిది సరిగ్గా వస్తే చోటు మార్చాలి. వాకిట్లో వచ్చింది హాల్లో రాదు, హాల్లో వచ్చింది వడ్డేపల్లి చెరువు కట్ట మీద రాదు. కుక్కకు ప్రతి చోటూ కొత్త క్లాసే. ఎగిరితే మాటా పలుకూ లేకుండా వీపు తిప్పాలి, నాలుగు కాళ్లూ నేల మీదుంటేనే పలకరించాలి. నాయినమ్మ అంత చురుగ్గా తిరగలేదు గనక ఆమె దగ్గరున్నప్పుడు మెడకు కాకుండా ఛాతీకి కట్టే పట్టా, దానికో తాడు.

అలా లెక్కల సారు ఇల్లంతా తంబాకు లేకుండానే తంబాకు నలపడం మొదలైంది. పొద్దున ఆరింటికి వాకిట్లో సారు, పదింటికి భార్య, సాయంత్రం కూతురు, రాత్రి కొడుకు. పాలాయన రెండు రోజులు చూసి, మూడోనాడు చనువుగా తన డబ్బా చాపాడు: "ఉత్త చేయి ఏం నలుపుతవ్ సారూ, ఇగో!"

పదిరోజులకు "కూసో" పదిసార్లలో తొమ్మిదిసార్లు పనిచేసింది. పదకొండో రోజు కరీంనగర్ ఫోన్ వచ్చింది. సారు స్పీకర్ పెట్టాడు. పెదబాపు గొంతు: "పిల్ల నచ్చింది సారూ. అయితే మనోళ్లు మీ గల్లీల ఇచారణ జేసిండ్రు. ఇంటిల్లిపాదీ, ఆడోళ్లు గుడ, నాలుగు పూటల తంబాకు నలుపుతరంట గద?"

"అయ్యో, అది కుక్క కోసమండీ" అన్నాడు సారు.

అటు వైపు చాలాసేపు మాట లేదు. ఆలోచనలో పడ్డట్టున్నాడు, స్పీకర్‌లో డబ్బా మూత టక్కుమంది. కాసేపాగి చట్, చట్. ఫ్రిజ్ ముందు టైసన్ బోర్లా పడుకుంది.

"సై" అని నాయినమ్మ చికెన్ ముక్క వేసింది.