తూముకు కాపలా లేని సామ్రాజ్యం

ముప్పై మూడేళ్ళు చెరువు కట్టల మీద నడిచి, ఎస్టిమేట్లు రాసి, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు ఇచ్చుకుని రిటైరైనవాణ్ణి. హన్మకొండలో మా మేడ మీది గదిలో (2023 జూలై వానలకు కింది గదిలోకి నీళ్ళు వచ్చినప్పటి నుంచి టీవీ పైనే ఉంటోంది) మొన్న వేసవి సెలవుల్లో మనవడు నన్ను కూర్చోబెట్టి స్టార్ వార్స్ సినిమాలు వరుసగా చూపించాడు. వాడు కథ చూశాడు. నేను పనులు చూశాను. ఆ గెలాక్సీ సామ్రాజ్యం ఎందుకు కూలిందో తనిఖీ చేసి రాసిన నివేదిక ఇది. ఒక ప్రతి పాల్పటీన్ చక్రవర్తికి పంపుదామంటే ఆయన 1983లోనే రియాక్టరు బావిలో పడి పోయాడు. చాలా ఏళ్ళకు మళ్ళీ లేచి వచ్చాడని మనవడు అంటున్నాడు. కావచ్చు. పోయిన మనిషి పేరు మీద పింఛను నడిచిన ఫైళ్ళు నేనూ చూశాను.

ముందుగా డెత్ స్టార్, అంటే గ్రహాలనే పేల్చడానికి సామ్రాజ్యం ఆకాశంలో కట్టిన గోళం. ఆ పేరు వింటే శంకుస్థాపనకు ఏ పంతులూ రాడు. వ్యాసం సుమారు 160 కిలోమీటర్లు. ఒక అంచు హన్మకొండ చౌరస్తాలో పెడితే రెండో అంచు హైదరాబాదు దాటి పోతుంది. అంత గోళానికి లోపలి వేడి బయటికి పోవడానికి రెండు మీటర్ల వెడల్పున ఒక రంధ్రం పెట్టారు. అది నేరుగా రియాక్టరు దాకా పోతుంది. అందులోంచి తిరుగుబాటుదారుల టార్పెడోలు దిగాయి, గోళం పేలిపోయింది. 1977 నుంచి లోకమంతా ఆ రంధ్రం పెట్టిన ఇంజనీరును చూసి నవ్వుతోంది. వృత్తి ధర్మంగా ఇక్కడ నేను అడ్డుపడక తప్పదు.

తూము లేని చెరువు ఉంటుందా? లోపల నిండినది ఏదో ఒక దారిన బయటికి పోవాలి. అవసరానికి తూములోంచి, మించితే మత్తడి మీదుగా. దారి ఇవ్వకపోతే కట్టకు గండి పడుతుంది. వేడికైనా అదే లెక్క. కాబట్టి రంధ్రం పెట్టడంలో తప్పు లేదు, దాని దగ్గర మనిషిని పెట్టకపోవడమే తప్పు. మా ఊళ్ళలో ప్రతి చెరువుకూ ఒక నీరటికాడు ఉండేవాడు. రైతులు కల్లంలో కొలిచి ఇచ్చే గింజలే అతని జీతం. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడికి ఎంత పారించాలో, కట్టలో ఎక్కడ ఎండ్రకాయ బొక్క పెట్టిందో అతనికి తెలిసినంతగా మా సూపరింటెండింగ్ ఇంజనీరుకు కూడా తెలియదు. అర్ధరాత్రి ఉరుములు వినిపిస్తే పార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయేవాడు. ఆ గోళంలో లక్షల మంది కొలువు చేస్తున్నారట. ఒక్క నీరటికాడి పోస్టు మంజూరు కాలేదు. రంధ్రానికి కిరణాలను ఆపే కవచం మాత్రం బిగించారు. టార్పెడోను అది ఆపదు. గొడుగు పట్టుకుని వరదకు ఎదురు నిలబడ్డట్టుంది.

2016లో వచ్చిన సినిమాలో ఇంకో సంగతి బయటపడింది. ఆ రియాక్టరులో బలహీనతను దాని రూపకర్తే కావాలని పెట్టాడట. భార్యను చంపి, కూతురికి దూరం చేసి, బలవంతంగా పనిలో కూర్చోబెట్టిన మనిషి అతను. నా సర్వీసులో అజాగ్రత్త వల్ల మిగిలిన లోపాలు చాలా చూశాను, బిల్లు కోసం మిగిల్చినవి అంతకన్నా ఎక్కువ చూశాను. ప్రజల మేలు కోరి, కొలత ప్రకారం, శ్రద్ధగా పెట్టిన లోపాన్ని చూడటం ఇదే మొదటిసారి. ఆ ఇంజనీరుకు నా నమస్కారం.

సైన్యం గురించి ఎక్కువ చెప్పను. ఎడారి దుమ్ములోకి, ఎండార్ అడవిలోకి తెల్లటి కవచాలు తొడిగి మనుషులను పంపినవాడు ఒక్కసారైనా తెల్ల చొక్కాతో మా ఎర్రమట్టి కట్టల మీద తనిఖీకి వచ్చి ఉండడు. పెద్ద అధికారులకు 1600 మీటర్ల యుద్ధ నౌకలు ఇచ్చారు. టై ఫైటర్ అనే చిన్న యుద్ధ విమానం నడిపే కుర్రవాడికి మాత్రం కవచం లేదు, వేరే నక్షత్రం దాకా సొంతంగా పోయే యంత్రమూ లేదు. ఇది ఏ శాఖలోనైనా ఉన్నదే. నాలుగు కాళ్ళ మీద నడిచే భారీ యంత్రాలలో ఒకదాన్ని హోత్ మంచులో కాళ్ళకు తాడు చుట్టి బోర్లా పడేశారు. పలుపు కాళ్ళకు చుట్టుకున్న ఎద్దును చూసినవాడు ఎవడైనా ఆ డిజైను మీద సంతకం పెట్టేవాడు కాదు.

సిబ్బంది వ్యవహారం మరీ విడ్డూరం. తప్పు చేసిన అడ్మిరల్‌ను చక్రవర్తి కుడిభుజం డార్త్ వేడర్ దూరం నుంచే గొంతు నులిమి చంపి, అక్కడికక్కడే కింది అధికారికి ప్రమోషన్ ఇస్తాడు. షోకాజ్ నోటీసు లేదు, సంజాయిషీ లేదు. పీయెట్ అనే కెప్టెన్ అలా ఒక్క నిమిషంలో అడ్మిరల్ అయ్యాడు. నాకు ఒక్క మెట్టు ఎక్కడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. అప్పట్లో చాలా బాధపడ్డాను. ఇప్పుడు మెడ తడుముకుని చూసుకుంటే ఆ ఆలస్యం మీద గౌరవం కలుగుతోంది.

ఇక అసలు పేరా టాటూయిన్ గ్రహం. ఆకాశంలో రెండు సూర్యులు. మనకు రోహిణి కార్తెలో ఒక్కడితోనే రోళ్ళు పగులుతాయి. అక్కడి రైతులు యంత్రాలు పాతి గాలిలోని తేమను పిండుకుని బతుకుతారు. సేద్యం అంటే అదే. ల్యూక్ అనే కుర్రవాడు అలాంటి ఇంట్లో బాబాయి దగ్గర పెరిగాడు. పైలట్ల చదువుకు పోతానంటే, ఈ ఒక్క పంట కాలం ఉండిపొమ్మని బాబాయి బతిమాలాడు. ఆ మాట ఎంత మంది బాబాయిల నోట విన్నానో! ఇంతలో రెండు మరమనుషుల కోసం వెతుకుతూ వచ్చిన సైనికులు పిన్నినీ బాబాయినీ చంపి ఇల్లు తగలబెట్టారు. ఇక వాణ్ణి ఆపడానికి పంటా లేదు, మనిషీ లేడు. పోయి తిరుగుబాటుదారుల్లో చేరాడు. ఆఖరికి రెండు మీటర్ల రంధ్రాన్ని ఎవడు కొట్టగలడని పైలట్లు గొణుక్కుంటుంటే, మా ఊళ్ళో ఇంచుమించు ఆ సైజు ఎలుకలను కొట్టేవాణ్ణని వాడు మామూలుగా అన్నాడు. ములుగు వైపు మక్క చేలల్లో అడవిపందులకు కాపలా కాసేవాళ్ళ గురి తెలిసినవాడిగా నేను ఆశ్చర్యపోలేదు.

ఆ గ్రహానికి చక్రవర్తి సైన్యాన్ని పంపాడు, నీళ్ళ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. మా దగ్గర గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దగ్గరలోనే ఉన్న రామప్ప చెరువుకు ఎవరి గుర్తింపూ అక్కరలేదు, దాని కింద ఇప్పటికీ నాట్లు పడుతున్నాయి. పాఖాల, లక్నవరం కూడా కాకతీయుల నాటివే. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండే గొలుసుకట్టు ఇక్కడిది. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు లెక్క తేలాయి. అక్కడేమో సెనేట్‌ను రద్దు చేసి, డెత్ స్టార్ భయమే గ్రహాలన్నిటినీ అదుపులో పెడుతుందని గవర్నర్లు ధీమాగా కూర్చున్నారు. అంత పెద్ద ఆయకట్టుకు తూముల్లో భయం పారించారన్నమాట.

అలాగని మనవాళ్ళకు పూర్తి మార్కులు వేయలేను. మేడారం కథ తెలియనివారు ఎవరున్నారు? కరువు వచ్చి కప్పం కట్టలేమంటే, అన్ని చెరువులు తవ్వించిన ఆ కాకతీయులే అడవిలోకి సైన్యాన్ని పంపారని జనం చెప్పుకుంటారు. సమ్మక్క, సారలమ్మ ఎదురు నిలిచారు. జంపన్న దూకిన వాగు అతని పేరుతోనే ఉంది. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సైన్యం చేతికి పోయింది. కోట చూడటానికి టికెట్టు కొనుక్కుని పోతాం. మేడారానికి రెండేళ్ళకోసారి నెత్తిన బెల్లం మోసుకుని పోతాం.

మొదటి గోళం పేలాక, ఎందుకు పేలిందో విచారించకుండానే ఇంకా పెద్దది మొదలుపెట్టారు. ఈసారి పని సగంలో ఉండగానే వాడకంలోకి తెచ్చారు. శత్రువు నౌకలు రియాక్టరు దాకా ఎగురుకుంటూ వెళ్ళేంత ఖాళీ వదిలారు. దానికి రక్షణ యంత్రాన్ని అడవిలో పెట్టి, అక్కడివాళ్ళు మొద్దులు దొర్లిస్తారని అనుకోలేదు. టెండరు ఎవరికి దక్కిందో సినిమాలో చెప్పలేదు గానీ, నేను ఊహించగలను.

ఇంతవరకు రాసి మనవడికి చదివి వినిపించాను. వాడు శ్రద్ధగా విని, ఫోనులో మ్యాపు తెరిచి మా కాలనీని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"తాతా, ఆ వానలకు కింది గదిలోకి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి?"

"చెరువు నుంచి, బిడ్డా."

"చెరువు మన ఇంట్లోకి వచ్చిందా, మన ఇల్లు చెరువులోకి పోయిందా?"

ప్లాటు కొన్న నాడు పాత పటంలో ఆ చోట శిఖం, అంటే చెరువు నీళ్ళు నిలిచే భూమి, అని రాసి ఉండటం నేను చూశాను. గజం ధర మరీ చవకగా ఉండింది.

సదరు అభ్యంతరానికి జవాబు వేరుగా పంపబడును అని మార్జిన్‌లో రాసి, పెన్ను మూత పెట్టాను.